కణితి రిపోర్టు చదువుదాం – 4వ పాఠం: పీడీ-ఎల్1 లెక్క

ఒంటికి కాపలా కాసే తెల్లరక్తకణాల్లో ఒకటైన టీ కణం కణితిని ఎలా గుర్తుపడుతుందో పోయిన పాఠంలో చూశాం. గుర్తుపట్టాక అది ఇంటర్‌ఫెరాన్ గామా అనే ప్రోటీన్ వదులుతుంది. చిక్కంతా ఇక్కడే. ఆ ప్రోటీన్ సోకిన కణితి కణం తన పొర మీద పీడీ-ఎల్1 అనే మరో ప్రోటీన్‌ను పెంచుకుంటుంది. అది టీ కణం మీదున్న పీడీ-1 అనే ప్రోటీన్‌కు తగులుకోగానే టీ కణం జోరు తగ్గిపోతుంది, కాలవకు నీరొచ్చే వేళకు తూము తలుపు దించేసినట్టు. పీడీ-1ను 1992లో వెలుగులోకి తెచ్చింది జపాన్‌లోని తసుకు హోంజో బృందం. ఈ తలుపు పడకుండా ఆపే మందుల్లో పెంబ్రోలిజుమాబ్ ఒకటి. అది ఇవ్వాలా వద్దా అని డాక్టరు తూచేటప్పుడు చూసే ఆధారాల్లో కణితిలో పీడీ-ఎల్1 ఎంతుందనే ఈ లెక్క ఒకటి.

రిపోర్టులో టీపీఎస్ (కణితి కణాల్లో పీడీ-ఎల్1 ఉన్నవాటి శాతం) ఉంటుంది, లేదా సీపీఎస్ (చుట్టూ ఉన్న కొన్ని కాపలా కణాలనూ కలిపి కట్టే అంకె). రెండూ ఒకటనుకుంటే మొత్తం తలకిందులవుతుంది. వరిచేను తలుచుకోండి. వంద దుబ్బుల్లో ఎన్నింటికి తెగులు పట్టిందనేది శాతం, వంద దాటదు. దుబ్బుకు ఎన్ని సుడిదోమలనేది శాతం కాదు. పది దుబ్బుల్లో రెండొందల దోమలుండొచ్చు. టీపీఎస్ మొదటి రకం, సీపీఎస్ రెండో రకం. అయితే సీపీఎస్ ఎంత వచ్చినా రిపోర్టులో 100 దాటించి రాయరు.

లెక్కకు ముందు స్లైడ్‌లో బతికున్న కణితి కణాలు కనీసం 100 ఉన్నాయో లేదో చూడాలి. లేకపోతే అక్కడే ఆగాలి. పీడీ-ఎల్1 ఉన్నచోట పట్టే గోధుమరంగు కణితి కణం పొర మీద కొంచెమైనా, లేతగానైనా కనిపిస్తే ఆ కణం లెక్కలోకి వస్తుంది. కణితి కణంలో రంగు లోపలి ద్రవంలోనే ఉంటే రాదు. చచ్చిన కణాలు ఎటూ రావు.

ఉదాహరణకు కణితి కణాలు 200, రంగు పట్టినవి 30. టీపీఎస్ 15 శాతం. సీపీఎస్‌కి కణితిలోనూ దాన్ని ఆనుకునీ ఉన్న, రంగు పట్టిన లింఫోసైట్లు, మాక్రోఫేజ్‌లు (రెండూ కాపలా కణాలే) కలపాలి. అవి 24 అనుకుందాం: 54ను 200తో భాగించి 100తో హెచ్చిస్తే 27. కింద, అంటే భాగించే అంకెలో, మాత్రం కణితి కణాలే ఉంటాయని మరవొద్దు. మందు విషయం తూచేటప్పుడు చూసే హద్దు గీతలు ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు టీపీఎస్ 1, 50 దగ్గర. నోరు, గొంతు క్యాన్సర్లకు సీపీఎస్ 1, 20 దగ్గర.

ఎక్కువగా జరిగే తప్పు, కణితి మధ్యలో దూరిన మాక్రోఫేజ్‌ను కణితి కణంగా లెక్కేయడం. టీపీఎస్ ఊరికే పెరిగిపోతుంది. పక్కనే మామూలు రంగు వేసిన స్లైడ్ పెట్టుకుని పోల్చి చూడండి.

అసలు నష్టం చాలాసార్లు ల్యాబ్‌కు రాకముందే జరుగుతుంది. రాజోలులో తీసిన ముక్క కాకినాడ చేరేలోపు సెలైన్ సీసాలో ఎండన పడి ఉంటే ప్రోటీన్ చెడుతుంది, పీడీ-ఎల్1 ఉన్నా లేనట్టు తప్పుడు సున్నా రిపోర్టులోకి వస్తుంది. ముక్క తీసిన గంటలోపే, దానికి కనీసం పదింతల 10 శాతం న్యూట్రల్ బఫర్డ్ ఫార్మలిన్‌లో వేయాలి. అందులో మూడు రోజులు దాటనివ్వొద్దు. యాసిడ్‌తో మెత్తబరిచిన ఎముక ముక్కను ఈ పరీక్షకు నమ్మలేం. రంగు వేసే ప్రతి విడతలో టాన్సిల్ ముక్కను కంట్రోల్‌గా, అంటే రంగు సరిగ్గా పట్టిందో లేదో పోల్చి చూసుకోడానికి, పెట్టాలి. దాని గుంటల్లోని పైపొర కణాలకు రంగు ముదురుగా పట్టకపోతే ఆ విడత మొత్తం మళ్ళీ చేయాలి.

అభ్యాసం: కణితి కణాలు 250. రంగు పట్టినవి: కణితి కణాలు 5, లింఫోసైట్లు 40, మాక్రోఫేజ్‌లు 20, ప్లాస్మా కణాలు 10. ప్లాస్మా కణాలు సీపీఎస్‌లోకి రావు. రెండు అంకెలూ కట్టి, ఇది నోటి క్యాన్సరైతే ఏ గీతకు పైన పడుతుందో రాసి ఉంచండి.