బరువు తగ్గడానికి ఆపరేషనా, డైటింగా: తేల్చుకునే ముందు

రెండింటికీ అసలు తేడా ఆకలి దగ్గరే ఉంది. అన్నం తగ్గించి పది కిలోలు దిగిన మనిషిలో గ్రెలిన్ అనే ఆకలి హార్మోన్ పెరుగుతుంది, ఆకలిని అదుపులో పెట్టే లెప్టిన్ తగ్గుతుంది, ఒళ్లు కూడా మునుపటికన్నా తక్కువ కేలరీలు ఖర్చు పెడుతుంది. తగ్గిన బరువు మళ్లీ ఎక్కేది చాలావరకు ఇందుకే. నోరు కట్టుకోలేకపోయావని ఇంట్లోవాళ్లు దెప్పడం దండగ.

స్లీవ్ ఆపరేషన్‌లో పొట్టసంచిని నిలువునా కోసి 75-80 శాతం తీసేస్తారు. గ్రెలిన్ ఎక్కువగా తయారయ్యే పైభాగం అందులోనే పోతుంది. రెండో రకం బైపాస్ (గుండెది కాదు, పొట్టది). ఇందులో 30 మి.లీ. పట్టే చిన్న సంచి మిగిల్చి, దాన్ని చిన్నపేగుకు కలుపుతారు. గుండెల్లో మంట బాగా ఉన్నవాళ్లకు బైపాసే మేలు. స్లీవ్ ఆ మంటను పెంచొచ్చు. డైటింగ్‌తో ఒంటి బరువులో 5-10 శాతం తగ్గి నిలబడితే గొప్పే. ఆపరేషన్‌తో 25-30 శాతం దాకా తగ్గుతుంది.

అందరికీ చెయ్యరు. మన దేశంలో చాలాకాలంగా పాటిస్తున్న లెక్క: బీఎంఐ (కిలోల బరువును మీటర్లలో ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చే అంకె) 37.5 దాటాలి, షుగర్, బీపీ లాంటివి ఉంటే 32.5 చాలు. 160 సెం.మీ. ఎత్తున్న మనిషికి అది 96 కిలోలు, షుగరుంటే 83. కొత్త మార్గదర్శకాలు ఇంకా సడలించాయి. ఇన్సూరెన్స్ వాళ్లు మాత్రం మామూలుగా 40, లేదా తీవ్రమైన జబ్బులతో 35 అడుగుతారు. పాలసీ కాగితాలు ముందే చూసుకోండి.

ఆపరేషన్‌కు ముందు రెండు వారాలు ప్రోటీన్ ఎక్కువ, పిండిపదార్థం తక్కువ ఉండే ద్రవాహారం ఇస్తారు. కొవ్వు పట్టిన లివర్ కుంచించుకుంటేనే డాక్టరుకు పొట్టసంచి అందుతుంది. తర్వాత రెండు వారాలు పలచని మజ్జిగ, వడకట్టిన పప్పుకట్టు. ఇంకో రెండు వారాలు మెత్తగా రుబ్బినవి. ఆరు నుంచి ఎనిమిది వారాలకు మామూలు తిండి. రోజుకు 60 గ్రాముల ప్రోటీన్ తగ్గకూడదు. గుడ్డులో ఆరు గ్రాములే కాబట్టి లెక్క వేసుకోక తప్పదు. చేపల పులుసు వేసుకుంటే ముందు ముక్క తినాలి, చోటుంటే తర్వాత రెండు ముద్దల అన్నం. మనవాళ్లు చేసేది సరిగ్గా దీనికి తలకిందులు. తినేటప్పుడు నీళ్లొద్దు, అరగంట ఆగి గుక్కగుక్కగా తాగాలి.

స్లీవ్‌ను మోసం చెయ్యడం తేలిక. ఐస్‌క్రీం, కూల్‌డ్రింక్, మలై కాజా జారిపోతాయి, బరువు తిరిగొస్తుంది. బైపాస్ అయినవాళ్లు అదే కాజా తింటే అరగంటలోపే చెమటలు, గుండెదడ, విరేచనాలు పట్టుకోవచ్చు.

కుట్టిన చోట లీకయ్యే ప్రమాదం తక్కువే గానీ, వచ్చిందంటే ప్రాణం మీదికే. జ్వరం, ఎడమ భుజంలో నొప్పి, నిమిషానికి 120 దాటిన నాడి కనిపిస్తే గ్యాస్ అనుకుని సోడా తాగి పడుకోకండి. కావలి, కందుకూరు నుంచి చెన్నై వెళ్లి చేయించుకునేవాళ్లు మొదటి పది రోజులైనా ఆ ఆసుపత్రికి దగ్గర్లో ఉండటం మంచిది.

బీ12, ఐరన్, కాల్షియం, విటమిన్ డీ జీవితాంతం వేసుకోవాలి, ఏటా రక్తపరీక్ష తప్పదు. వాంతులు ఆగకపోతే బీ1 పడిపోయి నరాలు దెబ్బతింటాయి, ఆలస్యం చెయ్యకూడదు. ఆడవాళ్లు ఏడాది నుంచి ఏడాదిన్నర దాకా గర్భం వాయిదా వెయ్యాలి. మోకాళ్ల నొప్పులకు మందులషాపులో డైక్లోఫెనాక్ అడిగే అలవాటుంటే, బైపాస్ తర్వాత మానెయ్యాలి: అతుకు దగ్గర పుండ్లు పడతాయి. పారాసెటమాల్‌తో సరిపెట్టుకోండి, తగ్గకపోతే డాక్టర్నే అడగండి.