ఎస్‌.జి. ఐరన్‌ను ఏడీఐగా మార్చడం: చార్జి నుంచి సాల్ట్ బాత్ దాకా

భారత ప్రమాణం ఐఎస్ 1865 ప్రకారం, గుండ్రని గ్రాఫైట్ ఉన్న స్ఫెరాయిడల్ గ్రాఫైట్ (ఎస్‌.జి.) ఇనుములో ఎస్‌.జి. 500/7 అంటే 500 మెగాపాస్కల్ బలం, 7% సాగుడు. అమెరికా ప్రమాణం ఏఎస్‌టీఎం ఏ897లో ఏడీఐ గ్రేడు 1050/750/7 అంటే 1050 మెగాపాస్కల్ బలం, 750 యీల్డు (శాశ్వతంగా వంగడం మొదలయ్యే ఒత్తిడి), సాగుడు మళ్లీ అదే 7%. రెండూ పోత ఇనుములే, రెండింట్లోనూ గ్రాఫైట్ గుండ్రంగానే ఉంటుంది. సాగుడు పోగొట్టుకోకుండా బలం రెట్టింపు కావడానికి కారణం ఆస్టెంపరింగ్ అనే హీట్ ట్రీట్‌మెంట్. ఆస్టెంపర్డ్ డక్టైల్ ఐరన్ అన్న పేరునే పొట్టిగా ఏడీఐ అంటారు. 1972లో చిన్న కంప్రెసర్ క్రాంక్‌షాఫ్టుతో ఇది మార్కెట్లోకి వచ్చింది. 1977లో జనరల్ మోటార్స్ కార్ల వెనక యాక్సిల్‌లో ఫోర్జింగ్ స్టీలు గేర్ల స్థానంలో వాడడం మొదలుపెట్టింది.

దీన్ని మొదటిసారి ప్రయత్నించే ఫౌండ్రీలు చాలావరకు సాల్ట్ బాత్ (కరిగిన ఉప్పు తొట్టి) మీదే దృష్టి పెడతాయి. కానీ ఏడీఐ బాగుంటుందా చెడుతుందా అన్నది ఫర్నేస్ చార్జి (కరిగించడానికి వేసే ముడిసరుకు) దగ్గరే సగానికి పైగా తేలిపోతుంది. మామూలు ఎస్‌.జి.గా తనిఖీలో నెగ్గిన పోత కూడా ఏడీఐగా మారాక విరిగిపోవచ్చు. ఆస్టెంపరింగ్ ఏ లోపాన్నీ సరిచేయదు. మామూలు ఎస్‌.జి. ఓర్చుకునే లోపాలు కూడా ఇక్కడ విరగడానికి కారణమవుతాయి.

లోపల జరిగేది

పోతను 900 డిగ్రీల సెల్సియస్ దగ్గర నానబెడితే గ్రాఫైట్ చుట్టూ ఉన్న లోహమంతా ఆస్టెనైట్ (వేడిలో ఏర్పడే, కార్బన్‌ను బాగా కరిగించుకునే ఇనుప రూపం) అవుతుంది. దాన్ని 230–400 డిగ్రీల మధ్య ఉన్న సాల్ట్‌లో ముంచి అక్కడే ఉంచితే సూదుల్లాంటి ఫెర్రైట్ (దాదాపు కార్బన్ లేని ఇనుప రూపం) పెరుగుతుంది. ఆ సూదులు పెరిగేకొద్దీ కార్బన్‌ను పక్కనున్న ఆస్టెనైట్‌లోకి నెడతాయి. స్టీలులో అయితే ఆ కార్బన్ కార్బైడ్‌గా (ఇనుము, కార్బన్ కలిసిన పెళుసు పదార్థంగా) బయటపడుతుంది. ఇక్కడ 2.5% దాకా ఉన్న సిలికాన్ దాన్ని అడ్డుకుంటుంది. అందువల్ల ఆస్టెనైట్‌లో కార్బన్ 2% దగ్గరికి చేరి, గది ఉష్ణోగ్రతలో కూడా అది స్థిరంగా నిలుస్తుంది. ఫెర్రైట్ సూదులూ ఈ ఆస్టెనైటూ కలిసిన నిర్మాణమే ఆస్‌ఫెర్రైట్.

తొందరపడి బయటికి తీస్తే కార్బన్ చాలని ఆస్టెనైట్ చల్లారేటప్పుడు మార్టెన్‌సైట్ (చాలా గట్టి, పెళుసు రూపం) అయి పోత పెళుసుబారుతుంది. మరీ ఎక్కువసేపు ఉంచితే ఆ ఆస్టెనైట్ ఫెర్రైట్‌గా, కార్బైడ్‌గా విడిపోతుంది, అప్పుడూ పెళుసే. ఈ రెంటి మధ్య ఉన్న వ్యవధిని ప్రాసెస్ విండో అంటారు. చార్జి నుంచి బాత్ దాకా మనం చేసే ప్రతి పనీ ఈ కిటికీని వెడల్పు చేయడానికే.

కరిగించేటప్పుడు

25 మి.మీ. మందం ఉన్న బ్రాకెట్టును 1050/750/7 గ్రేడులో పోయాలనుకుందాం. కార్బన్ 3.6%, సిలికాన్ 2.5%, మాంగనీసు 0.25% లోపు, ఫాస్ఫరస్ 0.03% లోపు, మెగ్నీషియం 0.035–0.045%, రాగి 0.7% మంచి ఆరంభం.

వీటిలో అన్నిటికన్నా పట్టించుకోవాల్సింది మాంగనీసు. పోత గడ్డకట్టేటప్పుడు అది చివరగా గడ్డకట్టే చోట్లకు, అంటే గ్రాఫైట్ గుళ్ల నడుమ సరిహద్దులకు చేరుతుంది. అక్కడ ఆస్‌ఫెర్రైట్ ఏర్పడడం బాగా ఆలస్యమవుతుంది. గుళ్ల దగ్గర మార్పు పూర్తయి రెండో దశ (ఆస్టెనైట్ విడిపోవడం) మొదలయ్యే వేళకు సరిహద్దుల్లో ఇంకా మొదటి దశే (సూదులు పెరగడం) పూర్తికాదు. అలాంటప్పుడు ఎంతసేపు ఉంచినా ఏదో ఒక చోట చెడుతుంది. పెర్లైట్ (ఫెర్రైట్, కార్బైడ్ పొరలు కలిసిన నిర్మాణం) కోసం 0.5% మాంగనీసు పెట్టే ఎస్‌.జి. హీట్‌ను (ఒక విడత కరిగించిన లోహాన్ని) ఏడీఐకి వాడకూడదని చెప్పేది ఇందుకే. టీఎంటీ ముక్కలు, స్ట్రక్చరల్ స్క్రాప్ చార్జిలో వేయవద్దు. తక్కువ మాంగనీసు ఉన్న డీప్ డ్రాయింగ్ షీటు కటింగులు, నాణ్యమైన పిగ్ ఐరన్ ఎంచుకోండి. మాలిబ్డినం కూడా సరిహద్దులకే చేరి కార్బైడ్లు కడుతుంది. మందపాటి పోతల్లో తప్పనిసరైతేనే వేయండి, 0.3% దాటనివ్వకండి.

మందం 20 మి.మీ. లోపు ఉంటే, బాత్‌లో సాల్ట్ బాగా కదులుతుంటే, మిశ్రలోహాలు దాదాపు అక్కర్లేదు. అంతకు మించితే రాగి 0.8% వరకు, తర్వాత నికెల్ 2% వరకు కలుపుతారు. ఇవి రెండూ సరిహద్దులకు పోవు, గుళ్ల వైపే ఉంటాయి. నికెల్ ఖరీదైనదే, అయినా మాలిబ్డినంతో వచ్చే తలనొప్పి దీనితో రాదు.

గుళ్ల సంఖ్య చదరపు మి.మీ.కు 100కు తగ్గకూడదు, 150 ఉంటే నిశ్చింత. గుళ్లు ఎక్కువైతే వాటి మధ్య దూరం తగ్గుతుంది, సరిహద్దుల్లో చేరే మాంగనీసు పలచబడుతుంది. నాడ్యులారిటీ (గ్రాఫైట్‌లో గుండ్రంగా ఉన్న పాలు) 90% ఉండేలా చూడండి. మెగ్నీషియం ట్రీట్‌మెంట్ అయ్యాక 10 నిమిషాల్లో పోత పూర్తిచేయండి. ఇనాక్యులెంట్ (గుళ్ల సంఖ్య పెంచే పొడి) కొంత లాడిల్‌లో (కరిగిన లోహం మోసే గిన్నెలో), కొంత పోసే ధారలో వేస్తే గుళ్ల సంఖ్య తగ్గదు. ష్రింకేజి (గడ్డకట్టేటప్పుడు పడే ఖాళీలు), డ్రాస్ (లోహపు మడ్డి), కార్బైడ్ ఉన్న పోతలను ఈ దశలోనే పక్కన పెట్టేయండి.

ముందే మెషినింగ్

ఆస్టెంపరింగ్ అయ్యాక టూలు ఒత్తిడికి ఉపరితలంలోని ఆస్టెనైట్ మార్టెన్‌సైట్ అవుతుంది. అరుగుదలను తట్టుకోవడంలో అదే గుణం మనకు లాభం, మెషినింగ్‌లో మాత్రం టూలుకు శత్రువు. అందుకే డ్రిల్లింగ్, ట్యాపింగ్, పళ్లు కోయడం ముందే ముగించాలి. బేరింగ్ సీట్ల వంటి చోట్ల మాత్రం గ్రైండింగ్‌కు మెటల్ వదిలిపెట్టండి.

ట్రీట్‌మెంట్‌లో పోత కాస్త పెరుగుతుంది. గ్రేడును బట్టి, మొదటి నిర్మాణాన్ని బట్టి సుమారు 0.1 నుంచి 0.4%. ఫెర్రైట్ ఎక్కువ ఉన్న పోత ఎక్కువగా, పెర్లైట్ ఎక్కువ ఉన్నది తక్కువగా పెరుగుతుంది. 200 మి.మీ. కొలతపై 0.3% అంటే 0.6 మి.మీ., ఏ ఫిట్టింగుకైనా ఇది పెద్ద తేడా. పది పీసులు కొలిచి ముందు, తర్వాత అంకెలు రాసుకుని డ్రాయింగు సవరించండి. పెరుగుదల ప్రతి లాట్‌లో ఒకేలా ఉండాలంటే పోతలో ఫెర్రైట్, పెర్లైట్ పాళ్లు కూడా ఒకేలా ఉండాలి.

హీట్ ట్రీట్‌మెంట్

షాట్ బ్లాస్ట్ చేసి ఇసుక, తుప్పు, నూనె పూర్తిగా పోగొట్టండి. జిగ్‌లో (పీసులు పట్టే చట్రంలో) పీసు పీసుకూ సాల్ట్ పారేంత ఖాళీ ఉండాలి. ఫర్నేస్‌లో రక్షణ వాతావరణం లేకపోతే ఉపరితలం కార్బన్ కోల్పోయి మెత్తబడుతుంది, ఫాటిగ్ బలం (మళ్లీ మళ్లీ పడే భారాన్ని తట్టుకునే శక్తి) దెబ్బతింటుంది.

పీసు మధ్యభాగం కూడా 900 డిగ్రీలకు చేరాక గంటన్నర నుంచి రెండు గంటలు ఉంచండి. 940–950కి పోతే ఆస్టెనైట్‌లో కార్బన్ ఎక్కువ కరుగుతుంది. గట్టిపడే లోతు పెరుగుతుంది కానీ తర్వాతి మార్పు నెమ్మదిస్తుంది. మరీ తగ్గిస్తే, సిలికాన్ ఎక్కువున్న ఇనుములో కొంత ఫెర్రైట్ మారకుండా మిగిలిపోతుంది.

ఫర్నేస్ తలుపు తెరిచిన క్షణం నుంచి సాల్ట్‌లో మునిగేదాకా కొన్ని సెకన్లే పట్టాలి. ఇక్కడ ఆలస్యమైతే, లేదా సాల్ట్ కదలక నెమ్మదిగా చల్లబడితే, మందమైన చోట మధ్యలో పెర్లైట్ పడుతుంది. బాత్ పరిమాణం కూడా ఇక్కడే తేలుతుంది. 100 కిలోల ఇనుము 900 నుంచి 360కి దిగితే సుమారు 35 మెగాజూళ్ల వేడి వదులుతుంది. నైట్రేట్ సాల్ట్ కిలోకు డిగ్రీకి దాదాపు 1.55 కిలోజూళ్లు తీసుకుంటుంది. బాత్ 10 డిగ్రీలకు మించి వేడెక్కకూడదంటే రెండు టన్నులకు పైగా సాల్ట్ కావాలి. చిన్న తొట్టిలో పెద్ద లోడు వేస్తే ఒకే జిగ్‌లో రెండు గ్రేడులు వస్తాయి.

బాత్ ఉష్ణోగ్రతే గ్రేడును నిర్ణయిస్తుంది. 370–380 దగ్గర 900/650/9, 350–360 దగ్గర 1050/750/7, 320–330 దగ్గర 1200/850/4, 300 దగ్గర 1400/1100/2, 260 దగ్గర 1600/1300/1 సుమారుగా వస్తాయి. పై ఉష్ణోగ్రతల్లో గంటన్నర నుంచి రెండు గంటలు, కింది ఉష్ణోగ్రతల్లో మూడు నాలుగు గంటలు పడుతుంది. కొత్త పీసుకు 60, 90, 120 నిమిషాల్లో ఒక్కో శాంపిల్ తీసి కోసి చూసి మీ టైము మీరే ఖాయం చేసుకోండి.

సాల్ట్ భద్రత గురించి గట్టిగానే చెప్పాలి. పొటాషియం నైట్రేట్, సోడియం నైట్రైట్ సగం సగం కలిస్తే 145 డిగ్రీల దగ్గర కరుగుతుంది, 550 దాటనివ్వకూడదు. తడి జిగ్ ముంచితే నీరు ఒక్కసారిగా ఆవిరై కరిగిన సాల్ట్ ఎగిరి మీద పడుతుంది. నూనె, బొగ్గు, రంపపు పొట్టు, మెగ్నీషియం, అల్యూమినియం ముక్కలు, సయనైడ్ వంటివి సాల్ట్ దగ్గరికే రానివ్వకండి. పేలుడు జరుగుతుంది. మంట వస్తే నీళ్లు చల్లకండి, పొడి ఇసుక సిద్ధంగా ఉంచుకోండి. బయటికి తీసి చల్లారాక వేడినీళ్లతో కడగండి, మిగిలిన సాల్ట్ తుప్పు తెస్తుంది.

తనిఖీ, హార్డ్‌నెస్ మాట

1050 గ్రేడుకు 302–375 బ్రినెల్ హార్డ్‌నెస్ రావాలి. అంకె వచ్చిందని లాట్ పంపేస్తే ప్రమాదం. పెర్లైట్ పడిన పోత కూడా 300 దగ్గర చూపించగలదు, బలం మాత్రం ఉండదు. పీసు మందమైన చోట కోసి, పాలిష్ చేసి, 2% నైటాల్‌తో (ఆల్కహాల్‌లో కలిపిన నైట్రిక్ ఆమ్లంతో) ఎచ్ చేసి మైక్రోస్కోపులో చూడండి. గుళ్ల మధ్య సరిహద్దులో తెల్లటి మచ్చల్లో మార్టెన్‌సైట్ సూదులు కనిపిస్తే టైము చాలలేదు లేదా మాంగనీసు ఎక్కువ. నడిమధ్యలో నల్లటి ముద్దలు పెర్లైట్, అంటే చల్లార్పు చాలలేదు. గాటు లేని ముక్కను దెబ్బ కొట్టి విరిచే చార్పీ పరీక్షలో ఈ లోపాలు వెంటనే బయటపడతాయి. 1050 గ్రేడుకు 80 జూళ్లు, 1200కు 60 రావాలి. వై-బ్లాక్ (పరీక్ష కోసం పోసే Y ఆకారపు పోత) శాంపిల్‌ను లోడుతో పాటే ట్రీట్ చేయండి, విడిగా కాదు.

ఎక్కడ వాడాలి, ఎక్కడ వద్దు

లారీ సస్పెన్షన్ బ్రాకెట్లు, గేర్లు, క్రాంక్‌షాఫ్టులు, రైల్వే వెడ్జిలు, మట్టిని తవ్వే పళ్లు, నాగళ్ల అరిగే భాగాలు దీనికి సరైన చోట్లు. సాంద్రత 7.1 కావడంతో స్టీలుకన్నా దాదాపు 10% తేలిక, కంపనం బాగా మింగుతుంది. 900, 1050 గ్రేడులు ఫాటిగ్, దెబ్బలు పడే పనికి, 1400, 1600 అరుగుదలకు. షాట్ పీనింగ్ (ఉక్కు రవ్వలతో ఉపరితలాన్ని కొట్టడం) చేస్తే గేరు పంటి మూలంలో బలం బాగా పెరుగుతుంది. కానీ అత్యధిక కాంటాక్ట్ ఒత్తిడిలో కార్బురైజ్ చేసిన (పైపొరలో కార్బన్ ఎక్కించిన) స్టీలుదే పైచేయి.

స్టిఫ్‌నెస్ మాడ్యులస్ సుమారు 165 గిగాపాస్కల్, స్టీలుది 205–210. వంగుడు తక్కువ ఉండాల్సిన చోట మందం పెంచక తప్పదు. వెల్డింగ్ చేయవద్దు. హాట్ డిప్ గాల్వనైజింగ్ కూడా వద్దు, దాని 450 డిగ్రీల వేడిలో ఆస్‌ఫెర్రైట్ విడిపోతుంది. బాత్ ఉష్ణోగ్రతకు దగ్గరగా వెళ్లే చోట వాడకండి, కనీసం 60 డిగ్రీలు కిందుండాలి. ఇంకో సంగతి చాలామందికి తెలియదు: యీల్డుకు దగ్గరి ఒత్తిడిలో ఉన్నప్పుడు నీళ్లు తగిలితే ఏడీఐ బలం, సాగుడు పడిపోతాయి. తడి తగిలే భాగానికి పెయింటు వేసి, డిజైనులో ఒత్తిడిని యీల్డుకు బాగా కింద ఉంచండి.

ఆర్డరు కాగితంలో గ్రేడు ఒక్కటే రాసి ఊరుకోకండి. మాంగనీసు గరిష్ఠ పరిమితి, గుళ్ల సంఖ్య, నాడ్యులారిటీ, శాంపిల్‌ను పీసులో ఏ చోట కోయాలి, మెషినింగ్ ముందా తర్వాతా, ఆ తర్వాతి కొలతలు ఎంత ఉండాలి అన్నవన్నీ రాయించండి. ఫౌండ్రీ ఒకచోట, హీట్ ట్రీట్‌మెంట్ మరోచోట అయితే ప్రతి లాట్‌తో స్పెక్ట్రో రిపోర్టు (రసాయన కూర్పు పరీక్ష ఫలితం) కూడా వెళ్లాలి. బాత్ దగ్గరున్నవారు టైము ఖాయం చేసేది దాన్ని చూసే.