ఇంటి పుస్తకాల సంరక్షణ – 4వ పాఠం: వానాకాలపు తేమ

బీరువాను గోడకు మూడంగుళాల ఎడంగా జరపమని, కింది అర నేలకు అరడుగు ఎత్తున ఉండాలని పోయిన పాఠంలో చెప్పాం. ఎందుకో చెప్పలేదు. ఈ పాఠం దాని గురించే.

చుక్క నీరు తగలకపోయినా పుస్తకం తడుస్తుంది. కాగితం గాలిలోని తేమను పీల్చుకుంటుంది, గాలి పొడిబారితే వదిలేస్తుంది. గాలి ఆ వేడిలో పట్టగలిగే నీటిలో ఎన్నో వంతు ఇప్పుడు ఉందో చెప్పేదే తేమ శాతం. అది 45 నుంచి 55 మధ్య ఉంటే పుస్తకాలకు హాయి. 60 వరకు బెంగ అక్కర్లేదు. 65 దాటి రోజుల తరబడి అలాగే ఉంటే బూజు మొలకెత్తే వీలుంది. 75 దాటితే ఇంకా త్వరగా వస్తుంది.

ఈ అంకెలు చేతి అంచనాకు అందవు. కొద్ది వందల్లో దొరికే డిజిటల్ హైగ్రోమీటర్ (తేమ కొలిచే మీటరు) ఒకటి కొనండి, కొన్న రోజే దాన్ని నమ్మకండి. సీసా మూతలో చెంచాడు మెత్తటి ఉప్పు వేసి, నాలుగైదు చుక్కల నీళ్లతో తడి ఇసుకలా చేయండి. ఉప్పు కరిగిపోయి నీళ్లు తేలితే మళ్లీ మొదలుపెట్టాల్సిందే. ఆ మూతనూ మీటరునూ ఒకే జిప్ కవర్లో పెట్టి, గాలి చొరకుండా మూసి, 12 గంటలు కదపకండి. తడి ఉప్పు చుట్టూ మూసి ఉన్న గాలిలో తేమ 75 శాతం దగ్గర నిలుస్తుంది. మీటరు 70 చూపిస్తే, ఇకపై అది చూపే ప్రతి అంకెకూ 5 కలుపుకోండి. తేడా 10 దాటితే దుకాణంలో ఇచ్చేసి మరొకటి తెచ్చుకోండి.

మీటరును టేబుల్ మీద కాదు, కింది అరలో పుస్తకాల వెనక పెట్టాలి. గది మధ్యలో 30 డిగ్రీల వేడిలో 65 శాతం తేమ ఉన్న గాలి, వానకు నానిన గోడ పక్కకు చేరి 26 డిగ్రీలకు చల్లబడిందనుకోండి. అందులో నీరు పెరగలేదు, కానీ తేమ శాతం 80 దాటుతుంది. గది బాగానే ఉందనిపిస్తున్నా బీరువా వెనక బూజు పట్టడానికి కారణం ఇదే. మూడంగుళాల సందు ఉంటే అక్కడి గాలి కదులుతుంది, నిలవ ఉండదు. స్నానాల గది గోడకు ఆనించిన బీరువాకైతే ఏడాది పొడుగునా వానాకాలమే. దాన్ని జరపడం కాదు, గది మార్చండి.

ఏ గోడ నానుతుందో ఊరిని బట్టి ఉంటుంది. తెలంగాణలో జూన్ నుంచి సెప్టెంబరు దాకా పడమటి, నైరుతి గోడల మీద కన్నేయాలి. నెల్లూరు వైపు అసలు వానలు అక్టోబరు తర్వాతే, కాబట్టి తూర్పు గోడనూ చూసుకోవాలి. విశాఖ, కాకినాడల్లో సముద్రపు గాలికి వాన లేని రోజుల్లోనూ మీటరు పైనే ఉంటుంది.

‘గాలి ఆడాలి’ అని వాన పడుతుండగా కిటికీలు తెరిచిపెట్టడం మనకు అలవాటు. బయటి గాలిలో 90 శాతం తేమ ఉన్నప్పుడు లోపలికి వచ్చేది ఆ తేమే. వాన రోజుల్లో కిటికీలు మూసి ఫ్యాన్ తిప్పండి, తెరిపిచ్చి ఎండ కాసిన మధ్యాహ్నం రెండు గంటలు తెరవండి. ఫ్యాన్ తేమను తగ్గించదు, ఒకచోట పేరుకోకుండా చూస్తుంది. ఏసీ నడిచినంతసేపూ తేమను లాగేస్తుంది, కానీ ఆపిన వెంటనే కిటికీ తీస్తే చల్లబడిన అట్టల మీద తేమ పడుతుంది. గంటసేపు ఆగి తీయండి. నీళ్లు పోసి నడిపే ఎయిర్ కూలర్ మాత్రం పుస్తకాల గదిలో ఉండకూడదు. అది గదిలోకి నీటిని ఊదే యంత్రం. మే నెలలో హైదరాబాదు పొడిగాలికి దానివల్ల పెద్ద నష్టం కనిపించదు. అదే అలవాటుగా తొలకరి తర్వాత కూడా నడిపితేనే కొంప మునుగుతుంది.

సిలికా జెల్ పొట్లాల మీద చాలామందికి లేనిపోని నమ్మకం. పది కిలోల పుస్తకాలు 80 శాతం తేమ నుంచి 50కి దిగాలంటే మూడు నాలుగు వందల గ్రాముల నీరు వదలాలి. వంద గ్రాముల జెల్ పట్టేది సుమారు పాతిక గ్రాములే. తలుపులు సరిగ్గా మూసుకోని బీరువాలో పొట్లాలు వేయడం చిల్లికుండలో నీళ్లు పోయడమే. ముందే ఆరిన పుస్తకాలను రబ్బరు అంచు ఉన్న పెట్టెలో గట్టిగా మూసి పెట్టినప్పుడే జెల్ పనికొస్తుంది. నీలం రంగు జెల్‌లో కోబాల్ట్ లవణం ఉంటుంది, విషం. నారింజ రంగుది తీసుకోండి, రంగు మారాక ఓవెన్‌లో 110 డిగ్రీల దగ్గర రెండు గంటలు వేడి చేసి మళ్లీ వాడుకోవచ్చు.

బూజు కనిపిస్తే

మొదట చేయకూడనిది: తుడవడం. తడిగా, వేలికి జిగటగా అంటుకునే బూజును గుడ్డతో రుద్దితే అది కాగితం పోగుల్లోకి దిగి మరక శాశ్వతమవుతుంది. ఆ పుస్తకాన్ని కవర్లో పెట్టి వేరే గదికి తీసుకెళ్లండి. అక్కడ కవర్లోంచి తీసి, తేమ 55 శాతానికి లోపు ఉన్నచోట, ఫ్యాన్ గాలి నేరుగా తగలకుండా రెండు మూడు రోజులు ఆరనివ్వండి. బూజు పొడిపొడిగా మారాక ఆరుబయటికి తీసుకెళ్లి, ఎన్-95 మాస్కు కట్టుకుని, గాలి మీ వీపు వైపు నుంచి వీచేలా నిలబడి, రెండంగుళాల మెత్తటి పెయింట్ బ్రష్‌తో వెన్ను నుంచి అంచు వైపు దులపండి. అంచులు దులిపేటప్పుడు పుస్తకం గట్టిగా మూసి పట్టుకోవాలి, లేకపోతే పొడి పేజీల మధ్యకు పోతుంది. గోధుమరంగు మచ్చలు మిగిలితే మిగలనివ్వండి. వాటికోసం బ్లీచింగ్, డెటాల్ అని ప్రయోగాలు చేస్తే మచ్చతోపాటు కాగితమూ పోతుంది.

మండుటెండలో పరచడం పెద్దల నుంచి వచ్చిన పద్ధతే అయినా, న్యూస్‌ప్రింట్ నవలలకు అది పనికిరాదు. ఆ కాగితంలోని లిగ్నిన్ అనే చెక్క పదార్థం ఎండకు పసుపెక్కుతుంది, అట్టలు వంకర తిరుగుతాయి. నీడలో గాలి చాలు.

పుస్తకం నిజంగానే తడిస్తే

గడువు 48 గంటలు. ఆ తర్వాత బూజు వస్తుంది. అంచులు మాత్రమే తడిస్తే పుస్తకాన్ని నిలబెట్టి, పేజీలు విసనకర్రలా విప్పి, ఫ్యాన్ పెట్టండి. ముద్దగా తడిసినదాన్ని అలా విసనకర్రలా విప్పకండి, పిండకండి. పడుకోబెట్టి, ఇరవై పేజీలకొకటి చొప్పున అచ్చులేని తెల్ల కాగితం దూర్చి, మూడు నాలుగు గంటలకోసారి మార్చండి. దూర్చిన కాగితాల మందం పుస్తకం మందంలో అయిదో వంతుకు మించితే వెన్ను కుట్టు తెగుతుంది. పాత దినపత్రిక వాడితే దాని సిరా అంటుకుంటుంది. ఎర్ర క్యాలికో గుడ్డ బైండింగు రంగు కారుతుంది, దాన్ని విడిగా ఉంచాలి. ముప్పాతిక ఆరాక రెండు చెక్కల మధ్య బరువు కింద పెడితే అట్టలు తిన్నగా వస్తాయి.

ఆర్ట్ పేపరు పుస్తకాలది వేరే కథ. ఆ నునుపు పూత తడికి జిగురవుతుంది. ఆరితే పేజీలు ఇటుకలా అతుక్కుని ఇక విడిపోవు. అందుకే బొమ్మల పుస్తకాలు, దీపావళి ప్రత్యేక సంచికల రంగు పేజీలు తడిగా ఉండగానే ఒక్కొక్కటే విడదీసి మధ్యన కాగితం పెట్టాలి. అన్నిటికీ చేతులు చాలకపోతే మిగతావాటిని ఒక్కొక్కటి కవర్లో చుట్టి ఫ్రీజర్‌లో పెట్టండి. మైనస్ 18 డిగ్రీల దగ్గర బూజు పెరగదు, పేజీలు అతుక్కోవు. వారం తర్వాత ఒక్కో పుస్తకం తీసుకుని పని చేసుకోవచ్చు.

ఈ వారం పని

ఉప్పు పరీక్ష ముగించి, మీటరును కింది అరలో పెట్టి, ఏడు రోజులు ఉదయం ఆరింటికీ మధ్యాహ్నం రెండింటికీ అంకెలు రాసుకోండి. ఉదయపు అంకె 65 దాటిన రోజులు మూడుకు మించితే ఆ బీరువాకు చోటు మార్చాలి. పాత పుస్తకాల పేజీల మధ్య ఆవగింజకన్నా చిన్న లేత పురుగులు పరుగెడుతుంటే ఎక్కడ, ఏ అరలో అన్నది కూడా రాయండి. అవి కాగితాన్ని కాదు, కంటికి కనిపించని బూజును తింటాయి. తేమ 50కి దిగితే మందు కొట్టకుండానే కొన్ని వారాల్లో పోతాయి. రామబాణం పురుగు, చెదలు అలా పోవు. వాటి సంగతి 5వ పాఠంలో.