పాత రాగి వైరు: ఒలిచి అమ్మాలా, ఉన్నది ఉన్నట్టే కాటా వేయించాలా?

ఇంటికి రీవైరింగ్ చేయిస్తే ఒక సంచెడు పాత వైరు మిగులుతుంది, బోరు మోటారు మారిస్తే నల్ల కేబుల్ చుట్ట ఒకటి మూలన పడుంటుంది. అమ్మేద్దామని పాత సామాన్ల కొట్టుకు తీసుకెళ్తే ఆయన రెండు రేట్లు చెప్తాడు, తొడుగుతో ఉన్న వైరుకు ఒకటి, ఒలిచిన రాగికి ఒకటి. ఆ తేడా వినగానే ఎవరికైనా ఇంటికెళ్లి బ్లేడు పట్టుకుని కూర్చోవాలనిపిస్తుంది. అప్పుడే కూర్చోకండి. ఆ తేడాలో చాలా భాగం మీరు ఒలిచి పారేసే ప్లాస్టిక్ బరువే, మీ చేతికి నిజంగా వచ్చేది ఎంతో చూసుకోవాలి.

అన్నిటికంటే ముందు లోపల ఉన్నది రాగేనా? కరెంటు స్తంభం నుంచి మీటరుకు వచ్చే సర్వీసు వైరు చాలాచోట్ల అల్యూమినియమే, పాతకాలం ఇళ్లలో గోడల్లోని వైరింగ్ కూడా అదే ఉండొచ్చు. చవక స్పీకరు వైర్లు, కొన్ని ఇంటర్నెట్ కేబుళ్లు పైకి ఎర్రగా కనిపిస్తాయి కానీ లోపల అల్యూమినియం, పైన పల్చటి రాగి పూత. బ్లేడుతో ఒక పోగును గట్టిగా గీకండి, లోపల తెల్లగా తేలితే అది రాగి వైరు కాదు. దీనికి ఉల్టా కూడా ఉంటుంది, పైకి వెండిలా మెరిసి గీకితే ఎర్రగా వచ్చేది తగరం పూసిన రాగి, దాన్ని పారేయకండి. డిష్ టీవీ కేబుల్ మధ్య తీగకు అయస్కాంతం అంటుకుంటే అది రాగి పూత వేసిన ఉక్కు, దాంతో కుస్తీ పట్టొద్దు.

రాగే అని తేలాక ఒక మీటరు కోయండి. వంటింటి డిజిటల్ తూకం మీద పెట్టి బరువు రాసుకోండి, తర్వాత ఒలిచి రాగిని మాత్రం మళ్లీ తూచండి. (తూకం గ్రాముల్లో సరిగ్గా చూపించకపోతే ఐదు మీటర్లు తీసుకోండి.) రెండో బరువును మొదటి దానితో భాగిస్తే రాగి శాతం వచ్చేస్తుంది. దీన్ని సరిచూసుకోడానికి ఒక చిట్కా: 1 స్క్వేర్ ఎంఎం రాగి తీగ మీటరుకు దాదాపు 9 గ్రాములు తూగుతుంది. అంటే 1.5 స్క్వేర్ ఎంఎం వైరులో మీటరుకు పదమూడున్నర, 2.5 వైరులో ఇరవై రెండున్నర గ్రాముల రాగి ఉండాలి, ఒక 90 మీటర్ల 1.5 చుట్టలో సుమారు 1.2 కిలోలు. తూకంలో దీనికంటే బాగా తక్కువ వస్తే వైరు సన్నగానైనా చేసి ఉండాలి, లోపల అల్యూమినియమైనా అయి ఉండాలి.

ఇళ్లలో వాడే 1.5, 2.5 ఒంటి వైర్లలో (ఒక తీగకు ఒకటే తొడుగు ఉండేవి) రాగి మొత్తం బరువులో ఇంచుమించు మూడింట రెండొంతులు, 4, 6 లాంటి లావు వైర్లలో ముప్పావు వంతు దాకా పోతుంది.

ఇప్పుడు కొట్టు రేట్లు. తొడుగుతో ఉన్న వైరు రేటును ఒలిచిన రాగి రేటుతో భాగించండి. లెక్క కోసం రాగి కిలో 700, తొడుగు వైరు 400 అనుకుందాం, అసలు రేట్లు రోజూ మారతాయి. 400ను 700తో భాగిస్తే 57 శాతం. మీ వైరులో రాగి 57 శాతం కంటే ఎక్కువుంటేనే ఒలిస్తే మిగిలేది, తక్కువుంటే ఆయన చెప్పిన రేటే మీకు లాభం, మాట్లాడకుండా ఇచ్చేసి రండి. పది కిలోల 2.5 వైరులో 68 శాతం వచ్చిందనుకోండి, ఒలిస్తే 4,760 రూపాయలు, ఒలవకపోతే 4,000. అంటే మీ శ్రమకు ముట్టేది 760. పది కిలోలంటే సుమారు మూడొందల మీటర్లు, నిమిషానికి ఒక మీటరు చొప్పున ఒలిచినా ఐదు గంటల పని, గంటకు 150 రూపాయలు. ఇది గిట్టుబాటా కాదా అన్నది మీ ఇష్టం. టీవీ చూస్తూ ఒలిచే రిటైరైన పెద్దాయనకు పర్లేదు, కూలీని పెట్టి ఒలిపిస్తే మాత్రం చేతి డబ్బులే పోతాయి.

అందుకే నా మాట: లావు ఒంటి వైర్లు ఒలవండి, సన్న పోగుల ఫ్లెక్సిబుల్ వైర్లు, చార్జర్ వైర్లు, ఇంటర్నెట్ కేబుళ్లు ముట్టుకోవద్దు. ఇంటర్నెట్ కేబుల్లో ఎనిమిది వెంట్రుక లాంటి తీగలకు ఎనిమిది తొడుగులు, ఒలిచేసరికి సహనం చస్తుంది.

బోరు మోటారు కేబుల్‌కు మధ్యేమార్గం ఉంది. పైన చదును తొడుగు, లోపల మూడు వైర్లకు మూడు తొడుగులు, కాబట్టి మొత్తంలో రాగి సగానికి అటూ ఇటూ ఉంటుంది, కొట్టువాళ్లు రేటు తగ్గించేది కూడా అందుకే. పై తొడుగు ఒక్కటి చీల్చి తీసేస్తే లోపలి వైర్లలో రాగి మూడింట రెండొంతులకు చేరుతుంది. చీల్చడం కష్టం కాదు, వైర్ల మధ్య గాడిలో కత్తి నడిపిస్తే సరిపోతుంది. అలా చేస్తే ఇంటి వైరు రేటు ఇస్తారా అని ముందే అడగండి, ఇస్తానంటే అక్కడితో ఆపేయొచ్చు.

ఒలిచేటప్పుడు వైరును కాసేపు ఎండలో వేయండి, పీవీసీ, అంటే ఆ ప్లాస్టిక్ తొడుగు, మెత్తబడి తేలిగ్గా ఊడుతుంది. ఒక చెక్కపలకలో వైరు పట్టేంత గాడి చేసి, పైన కట్టర్ బ్లేడు స్క్రూలతో బిగించి, వైరును అందులోంచి లాగితే పని చాలా వేగంగా అవుతుంది. చేతులకు గ్లౌజులు వేసుకోండి, బ్లేడు ఒంటి వైపుకు లాగొద్దు. పాత ఎలక్ట్రీషియన్ల లాగా పళ్లతో పీకడం అసలొద్దు, పాత పీవీసీలో సీసం కలిసేది.

ఇక కాల్చడం. మంట పెడితే అయిదు నిమిషాల్లో అయిపోతుందని సలహా ఇచ్చేవాళ్లు తగులుతారు. పీవీసీ కాలితే హైడ్రోజన్ క్లోరైడ్, డయాక్సిన్ల లాంటి విషాలు వస్తాయి. ఆరుబయట చెత్త తగలబెట్టడాన్ని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016లోనే నిషేధించింది, 5,000 రూపాయల జరిమానా కూడా పెట్టింది. పోనీ డబ్బుల కోసమైనా చూద్దామంటే అదీ నష్టమే, కాలిన రాగి నల్లబడి పెళుసై మెరిసే రాగి రేటు పలకదు. పైగా పొలాల్లో మోటారు కేబుళ్లు దొంగిలించేవాళ్లు చేసేది ఇదే పని, కాల్చిన రాగి పట్టుకెళ్తే కొట్టువాడు మిమ్మల్ని ఎగాదిగా చూస్తాడు. ఒలిచిందైనా సరే, ఎక్కువ సరుకుంటే ఒక తొడుగు ముక్క, పాత వైరింగ్ ఫోటో ఉంచుకోండి, ఆధార్ అడిగితే చూపించండి.

కొట్టుకు తీసుకెళ్లే ముందు మెరిసే రాగి, నల్లబడిన రాగి, తగరం పూసినవి, మోటారు వైండింగ్ తీగ వేర్వేరు సంచుల్లో కట్టండి. అన్నీ కలిపేస్తే మొత్తానికీ అందులో చవక దాని రేటే కడతారు. ఇత్తడి లగ్గులు (వైరు కొసలకు బిగించిన ముక్కలు), టంకం వేసిన కొసలు కత్తిరించేయండి. ఇంట్లో తూచి రాసుకుని వెళ్లండి, అక్కడ కాటా సున్నా చూపిస్తుందో లేదో, తూనికలు కొలతల శాఖ ముద్ర ఉందో లేదో చూడండి. ఇద్దరు ముగ్గురికి ఫోన్ చేసి రెండు రేట్లూ అడగండి, ఒక్క రాగి రేటే అడిగితే మీ లెక్క తేలదు.

రాగి ధర లండన్ లోహాల మార్కెట్‌ను బట్టి కదులుతుంది, కాబట్టి రేటు బాగా లేదనిపిస్తే కొన్నాళ్లు ఆగడంలో తప్పులేదు. ఆగేటట్టయితే ఒలవకుండానే ఆగండి, తొడుగు ఉంటే లోపల మెరుపు అంత త్వరగా పోదు, అమ్మే వారం ఒలుచుకుంటే చాలు.