ఫోన్ రిపేరు, వారంటీ, సిగ్నల్ గొడవల్లో ఫిర్యాదు ఎలా చేయాలి?

సర్వీస్ సెంటర్ కౌంటర్ దగ్గర మనం నోటితో చెప్పేది ఒకటి, అవతలి వ్యక్తి కంప్యూటర్‌లో ఎక్కించేది ఇంకొకటి. గొడవ ముదిరాక మనం చెప్పిన మాట ఎవరికీ గుర్తుండదు, వాళ్లు ఎక్కించిందే మిగులుతుంది. ఫోన్ కేసుల్లో న్యాయం ఉండి కూడా ఓడిపోవడానికి ఇదొక ముఖ్య కారణం. అందుకే ఈ వ్యాసంలో మొదటి భాగం ఫిర్యాదు గురించి కాదు, ఫోన్ అప్పగించే ఆ పది నిమిషాల గురించి.

ఫోన్ ఇచ్చే ముందు

బిల్లు దగ్గర పెట్టుకోండి. బిల్లు పోతే కొన్న దుకాణంలో నకలు అడగండి. ఆన్‌లైన్‌లో కొన్నదైతే మీ ఖాతాలోని ఆర్డర్ల జాబితాలో దొరుకుతుంది. అసలు బిల్లే ఇవ్వకపోవడం వినియోగదారుల రక్షణ చట్టం 2019 ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి. కాబట్టి "బిల్లు లేకుండా అయితే తగ్గిస్తాం" అనే బేరానికి మొదట్లోనే ఒప్పుకోవద్దు.

ఫోన్‌లో *#06# నొక్కితే 15 అంకెల ఐఎంఈఐ నంబర్, అంటే ఆ ఫోన్ గుర్తింపు సంఖ్య, వస్తుంది. దాన్ని బిల్లుతో, పెట్టెతో సరిచూసుకుని ఫొటో తీసి ఉంచండి. లోపం వచ్చి పోయే రకమైతే, అంటే మధ్యమధ్యలో స్క్రీన్ నల్లబడటం, వేడెక్కి ఆగిపోవడం లాంటిదైతే, అది జరుగుతున్నప్పుడే ఇంకో ఫోన్‌తో వీడియో తీయండి. సర్వీస్ సెంటర్‌కు వెళ్లేసరికి ఫోన్ చక్కగా పనిచేయడం, వాళ్లు "లోపం కనిపించలేదు" అని రాసి పంపేయడం మామూలే. ఆ ముక్కకు వీడియో ఒక్కటే జవాబు.

డేటా బ్యాకప్ తీసుకోండి. సిమ్, మెమరీ కార్డు తీసేయండి. స్క్రీన్ లాక్ చెప్పమని అడిగితే అది నిజంగా ఎందుకు అవసరమో అడగండి. కొన్ని మోడళ్లలో రిపేరు కోసమే ప్రత్యేకమైన మోడ్ ఉంటుంది. అది ఆన్ చేస్తే మీ ఫొటోలు, సందేశాలు కనిపించకుండానే వాళ్లు ఫోన్ పరీక్షించుకోవచ్చు. డేటా పోతే తమకు బాధ్యత లేదని జాబ్ షీట్ (ఫోన్ తీసుకున్నట్టు సర్వీస్ సెంటర్ ఇచ్చే కాగితం) మీద దాదాపు ప్రతిచోటా ముద్రించే ఉంటుంది.

జాబ్ షీట్‌లో ఏముండాలి?

దీన్ని తొందరలో సంతకం పెట్టి జేబులో వేసుకునే రసీదులా చూడకండి. రేపు వినియోగదారుల కమిషన్‌లో మీ కేసుకు మొదటి సాక్ష్యం ఇదే. తేదీ, ఐఎంఈఐ, వారంటీ ఉందా లేదా, ఫోన్ బయటి పరిస్థితి, మీరు చెప్పిన లోపం, ఎప్పటికి ఇస్తారు, డబ్బు తీసుకుంటే ఎంత అంచనా: ఇవన్నీ ఉండాలి.

ముఖ్యంగా రెండు గడులు చూడండి. మొదటిది లోపం వివరం. మీరు "ఛార్జింగ్ పెట్టినప్పుడు వేడెక్కి దానంతట అదే ఆగిపోతోంది, ఇది మూడోసారి" అని చెబితే, అక్కడ "ఛార్జింగ్ సమస్య" అని మాత్రమే ఉంటే ఒప్పుకోవద్దు, పూర్తిగా రాయమనండి. రెండోది బయటి పరిస్థితి. కొన్నిచోట్ల ఏ ఫోన్ వచ్చినా అలవాటుగా "గీతలు, సొట్టలు ఉన్నాయి" అని ఎక్కిస్తారు. మీ ఫోన్ శుభ్రంగా ఉంటే ఆ వాక్యం తీయించండి. కౌంటర్ మీద పెట్టి, వాళ్ల ఎదుటే నాలుగు వైపులా ఫొటోలు తీయండి. ఇందులో మొహమాట పడాల్సింది ఏమీ లేదు.

అదే లోపంతో మళ్లీ వెళ్లినప్పుడు ప్రతిసారీ కొత్త జాబ్ షీట్ తీసుకోండి. "సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేశాం, ఇక రాదు" అని కాగితం లేకుండా పంపేస్తే, ఆ రోజు మీరు వెళ్లినట్టే లెక్కలో ఉండదు. ఒకే లోపానికి మూడు నాలుగు జాబ్ షీట్లు ఉంటే, అది వాడకంలో వచ్చింది కాదు, తయారీలోనే ఉందని చెప్పడానికి అంతకంటే బలమైన ఆధారం సామాన్యుడి చేతిలో ఉండదు.

ఫోన్ తిరిగి తీసుకునేటప్పుడు కాల్, కెమెరా, స్పీకర్, ఛార్జింగ్ అక్కడే చూసుకోండి. కొన్ని సెంటర్లు ఓటీపీ తీసుకుని జాబ్ మూసేస్తాయి. పరీక్షించాకే ఓటీపీ చెప్పండి. మదర్‌బోర్డు మార్చితే ఐఎంఈఐ కూడా మారవచ్చు. కొత్త నంబర్‌ను కాగితం మీద రాయించుకోకపోతే, ఆ తర్వాత వారంటీ దగ్గరా, ఫోన్ పోయినప్పుడు టెలికం శాఖ సంచార్ సాథీ పోర్టల్‌లో బ్లాక్ చేయించేటప్పుడూ చిక్కు వస్తుంది.

"నీళ్లు తగిలాయి, వారంటీ రాదు" అంటే

ఎక్కువమంది నోరు మెదపకుండా వెనక్కి వచ్చేసేది ఇక్కడే. ఫోన్ లోపల, చాలా మోడళ్లలో సిమ్ ట్రే పెట్టే చోటే, ఒక చిన్న తెల్ల స్టిక్కర్ ఉంటుంది. తడి తగిలితే ఎర్రబడుతుంది. దాన్ని చూపించమనండి, ఫొటో తీసుకోండి. లోపల బోర్డు మీద తుప్పు ఉందంటే ఆ ఫొటో కూడా అడగండి. స్టిక్కర్ ఎర్రబడితే ఆ చోటికి తడి చేరిందని తెలుస్తుంది. మీ ఫోన్‌లో వచ్చిన లోపానికి ఆ తడే కారణమని దానంతట అదే రుజువు కాదు. సిమ్ ట్రే దగ్గర స్టిక్కర్‌కూ, డిస్‌ప్లేలో వచ్చిన గీతకూ సంబంధం ఏమిటో వాళ్లే చెప్పాలి, అదీ రాతపూర్వకంగా. వారంటీ నిరాకరణ ఎప్పుడూ కారణంతో సహా కాగితం మీదో, ఈ-మెయిల్‌లోనో తీసుకోండి. వాళ్లు "ఇవ్వం" అంటే, ఇవ్వలేదన్న విషయాన్నే మీరు కంపెనీకి మెయిల్ చేయండి.

ఇంకో మాట. ఐపీ68 (నీరు, దుమ్ము తట్టుకుంటుందని చెప్పే రేటింగ్) అని ప్రకటనలో గొప్పగా చూపించే ఫోన్లకు కూడా నీటి నష్టం వారంటీలోకి రాదని చాలా కంపెనీల షరతుల్లో ఉంటుంది. ఆ రేటింగ్ ప్రయోగశాలలో, మంచినీటిలో, నిర్ణీత లోతులో చేసిన పరీక్షకు సంబంధించింది. ఈత కొలనులో ఫొటోలు తీస్తున్నట్టు ప్రకటన చూపించి ఫోన్ అమ్మితే, ఆ ప్రకటన స్క్రీన్‌షాట్ దాచుకోండి. తప్పుదోవ పట్టించే ప్రకటన అన్నది విడిగా ఒక ఫిర్యాదు అంశం.

వారంటీ ఉండగా బయటి దుకాణంలో ఫోన్ విప్పించొద్దు. విప్పించక తప్పదనుకుంటే ముందు కంపెనీ నిరాకరణ చేతికి తీసుకుని వెళ్లండి. బయట రిపేరు చేయిస్తే ఏ భాగం మార్చారో, దానికి ఎన్నాళ్లు గ్యారంటీయో బిల్లు మీద రాయించుకోండి, పాత భాగం తిరిగి అడగండి.

కంపెనీకి రాయడం

కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి గంటలు పోగొట్టుకోవడం కన్నా ఒక మెయిల్ నయం. కోపం వద్దు, తేదీలు కావాలి. ఇలా రాస్తే చాలు:

"ఫలానా తేదీన, ఫలానా బిల్లు నంబరుతో, ఇంత ధరకు ఈ మోడల్ ఫోన్ కొన్నాను. ఐఎంఈఐ ఇది. ఫలానా తేదీల్లో, ఈ జాబ్ షీట్ నంబర్లతో, ఒకే లోపానికి మూడుసార్లు మీ అధీకృత సర్వీస్ సెంటర్‌లో ఇచ్చాను. లోపం పోలేదు. 15 రోజుల్లో ఫోన్ మార్చి ఇవ్వండి, లేదా చెల్లించిన ధర తిరిగి ఇవ్వండి. లేని పక్షంలో జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయిస్తాను."

బిల్లు, జాబ్ షీట్లు, ఫొటోలు జత చేయండి. జవాబు రాకపోతే అదే ఉత్తరాన్ని నోటీసుగా కంపెనీ రిజిస్టర్డ్ చిరునామాకు స్పీడ్ పోస్టులో పంపి రసీదు ఉంచుకోండి. దీనికి లాయరు తప్పనిసరి కాదు. ఆన్‌లైన్‌లో కొన్నవాళ్లు ఆ సైటు గ్రీవెన్స్ ఆఫీసర్‌కూ (ఫిర్యాదుల అధికారికి) పంపాలి. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఆ అధికారి 48 గంటల్లో ఫిర్యాదు అందినట్టు చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి.

తర్వాత జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. తెలుగులోనే మాట్లాడొచ్చు. వాళ్లు మీ ఫిర్యాదును కంపెనీ ముందు పెట్టి రాజీకి ప్రయత్నిస్తారు, తీర్పు ఇవ్వలేరు. అయినా ఈ మెట్టు దాటవేయకండి. పెద్ద కంపెనీలు కౌంటర్ దగ్గర కదలకపోయినా, ఇక్కడ నమోదైన ఫిర్యాదుకు కదలడం ఉంటుంది.

సిగ్నల్ రాకపోతే

ముందు లోపం ఎక్కడిదో తేల్చండి. అదే చోట మీ సిమ్‌ను ఇంకొకరి ఫోన్‌లో, ఇంకో కంపెనీ సిమ్‌ను మీ ఫోన్‌లో వేసి చూడండి. ఈ పరీక్ష చేయకుండా వెళ్తే నెట్‌వర్క్ వాళ్లు ఫోన్ బాగాలేదంటారు, సర్వీస్ సెంటర్ వాళ్లు నెట్‌వర్క్ బాగాలేదంటారు, మధ్యలో మీరు తిరుగుతూనే ఉంటారు. టెలికం నియంత్రణ సంస్థ ట్రాయ్ వారి మైస్పీడ్ యాప్‌తో వేర్వేరు వేళల్లో వేగం కొలిచి స్క్రీన్‌షాట్లు పెట్టుకోండి. ఆపరేటర్లు ఏ సాంకేతికత ఎక్కడ అందుతుందో చూపే కవరేజీ మ్యాపును తమ వెబ్‌సైట్‌లో పెట్టాలని ట్రాయ్ 2024 నిబంధనలు చెబుతున్నాయి. మీ వీధి ఆ మ్యాపులో రంగు పూసి ఉండి, ఇంట్లోకి సిగ్నల్ రాకపోతే ఆ చిత్రం మీ ఫిర్యాదుకు జత కావాలి.

ఫిర్యాదు నంబర్ 198, ఉచితం. మాట్లాడటం ముఖ్యం కాదు, డాకెట్ నంబర్, అంటే ఫిర్యాదు నమోదు సంఖ్య, రావడం ముఖ్యం. అది ఎస్ఎంఎస్‌గా వచ్చేదాకా పెట్టేయకండి. చెప్పిన గడువులో పరిష్కారం కాకపోయినా, జవాబు నచ్చకపోయినా, 30 రోజుల్లోపు అదే కంపెనీలోని అప్పిలేట్ అథారిటీకి అప్పీలు చేయొచ్చు. రుసుము లేదు. 39 రోజుల్లో తేల్చాలి. ట్రాయ్ మాత్రం ఒక్కొక్కరి ఫిర్యాదుపై విచారణ జరపదు. అక్కడికి పంపి నెలలు ఎదురుచూసే బదులు కేంద్ర టెలికం శాఖ ప్రజా ఫిర్యాదుల విభాగానికి కేంద్ర ప్రభుత్వ ఫిర్యాదుల పోర్టల్ సీపీగ్రామ్స్ ద్వారా రాయండి.

జిల్లా అంతటా పెద్ద అంతరాయం వచ్చి 24 గంటలు దాటితే, పోస్ట్‌పెయిడ్ వారికి ఆ మేరకు అద్దె తగ్గించాలి, ప్రీపెయిడ్ వారికి వ్యాలిడిటీ పెంచాలి. ఇది 2025 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. దానంతట అది రాకపోతే అడగండి. కాల్ కట్ అయితే రూపాయి ఇవ్వాలన్న పాత నిబంధనను మాత్రం సుప్రీంకోర్టు 2016లోనే కొట్టేసింది. ఇప్పటికీ అది ఉందని చెప్పేవాళ్ల మాట నమ్మి ఫిర్యాదులో రాయొద్దు.

విసిగిపోతే నంబర్ మార్చకుండానే కంపెనీ మారొచ్చు. పోర్ట్ అని ఇంగ్లిష్ అక్షరాల్లో రాసి, ఖాళీ వదిలి, మీ నంబర్ వేసి 1900కు ఎస్ఎంఎస్ పంపితే 8 అక్షరాల కోడ్ వస్తుంది. ఇప్పుడున్న నెట్‌వర్క్‌లో 90 రోజులు నిండి ఉండాలి, పోస్ట్‌పెయిడ్ బాకీ ఉండకూడదు. ప్రీపెయిడ్‌లో మిగిలిన బ్యాలెన్స్ వెంట రాదు. మారబోయే కంపెనీ సిగ్నల్ మీ ఇంట్లో ఎలా ఉందో ముందు పక్కింటివాళ్ల ఫోన్‌లో చూసుకోండి.

జిల్లా వినియోగదారుల కమిషన్

టెలికం కంపెనీల మీద కమిషన్‌కు వెళ్లకూడదని ఇప్పటికీ కొందరు భయపెడతారు. వెళ్లొచ్చని 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది.

చెల్లించిన ధర 50 లక్షల రూపాయల లోపు అయితే జిల్లా కమిషన్. 5 లక్షల లోపు అయితే రుసుమే లేదు, అంటే ఫోన్ కేసులన్నీ ఉచితమే. కంపెనీ ఏ నగరంలో ఉన్నా మీరు నివసించే జిల్లాలోనే వేయొచ్చు. వారంటీ కార్డు మీద "వివాదాలన్నీ ఫలానా నగర కోర్టుల పరిధిలోనే" అని ఉందని వెనకాడకండి. వినియోగదారుల కమిషన్ల ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయొచ్చు, మీ కేసు మీరే వాదించుకోవచ్చు. గడువు రెండేళ్లు. హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నడుస్తోందని ఈ లెక్క ఆగదు.

తయారీ కంపెనీ, సర్వీస్ సెంటర్, అమ్మినవారు ముగ్గురినీ ప్రతివాదులుగా చేర్చండి. ఒకరిని వదిలేస్తే మిగతావాళ్లు తప్పు వాళ్ల మీదకు నెడతారు. లోపం ఉందా లేదా అన్నదే అసలు తగాదా అయితే ఫోన్‌ను ల్యాబ్ పరీక్షకు పంపమని కమిషన్‌ను అడగొచ్చు. అందుకే కేసు తేలేదాకా ఆ ఫోన్‌ను అమ్మకండి, ఎక్స్‌చేంజ్‌లో ఇచ్చేయకండి. పరిహారం కోరేటప్పుడు ఫోన్ ధర, అయిన ఖర్చులు, ఇబ్బందికి సబబైన మొత్తం రాయండి. పదిహేను వేల ఫోన్‌కు ఐదు లక్షల మనోవేదన రాస్తే మిగతా కేసు బలం కూడా తగ్గుతుందని నా అభిప్రాయం.

ప్రతివాది 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి, కమిషన్ ఇంకో 15 రోజులు పొడిగించొచ్చు. పరీక్ష అవసరం లేని కేసును మూడు నెలల్లో, అవసరమైనదాన్ని ఐదు నెలల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టంలో ఉంది. ఆచరణలో ఎక్కువే పడుతుంది, ఆ ఓపికతోనే దిగండి.

నోటీసు అందాక కంపెనీ నుంచి రాజీకి ఫోన్ రావడం సహజం. షరతులు మెయిల్‌లో పంపమనండి. డబ్బు ఖాతాలో పడేదాకా, లేదా కొత్త ఫోన్ బిల్లుతో సహా చేతికి అందేదాకా ఫిర్యాదు వెనక్కి తీసుకోవద్దు. తీర్పు మీకు అనుకూలంగా వచ్చి, అప్పీలుకు ఉన్న 45 రోజులు గడిచినా చెల్లించకపోతే అదే కమిషన్‌లో అమలు పిటిషన్ వేయండి. ఆదేశం పాటించనివారికి నెల నుంచి మూడేళ్ల వరకు జైలు, లేదా 25 వేల నుంచి లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ వేసే అధికారం ఆ చట్టం 72వ సెక్షన్ కింద కమిషన్‌కు ఉంది.