కబడ్డీ కోర్టులో కంకషన్ - పాఠం 3: దెబ్బ తర్వాతి నిమిషం

గత పాఠంలో కెమెరా ఎక్కడ పెట్టాలో చూశాం. మధ్యగీతకు ఎదురుగా, పక్కగీతకు నాలుగైదు మీటర్ల వెనక, తల ఎత్తు కంటే పైన ఒకటి. ఎండ్ లైన్ వెనక ఇంకొకటి. ఇప్పుడు ఆ రికార్డింగ్ తెరవండి. తలకు దెబ్బ తగిలిన ఆటగాడిలో కంకషన్ (కుదుపుకు మెదడు పనితీరు దెబ్బతినడం) సంకేతాలను వీడియోలో ఎలా వెతకాలో ఈ పాఠంలో చూద్దాం.

కొత్తగా చూసేవాళ్లు చేసే మొదటి పొరపాటు, దెబ్బ తగిలిన క్షణాన్నే స్లో మోషన్‌లో పదేపదే తిప్పి చూడడం. నెమ్మదిగా తిప్పితే ప్రతి తాకిడీ ఘోరంగానే కనిపిస్తుంది. యాంకిల్ హోల్డ్‌కు (రైడర్ చీలమండ పట్టుకోవడానికి) వంగిన కార్నర్ ఆటగాడి (చివరన నిలబడే డిఫెండర్) కణతకు రైడర్ మోకాలు మామూలుగా తగిలినట్టే ఉంటుంది, లేచేసరికి పిల్లవాడు తూలుతుంటాడు. చూస్తేనే భయమేసే డ్యాష్ (ఒంటితో గట్టిగా ఢీకొట్టి తోసేయడం) తర్వాత మరొకడు చక్కగా నడిచి వెళ్తాడు. మెదడు ఎంత కుదుపుకు లోనైందో తాకిడిని చూసి చెప్పలేం. ఆ తర్వాత ఒంటి తీరు ఎలా ఉందో చూడాలి.

అందుకే క్లిప్‌ను దెబ్బకు 10 సెకన్ల ముందు నుంచి 60 సెకన్ల తర్వాతి వరకు కత్తిరించండి. వాట్సాప్‌లో మామూలు వీడియోగా పంపితే కుదించేస్తుంది, ముఖం మసకబారుతుంది. డాక్యుమెంట్‌గా పంపించుకోండి.

మొదటిసారి మామూలు వేగంతో, శబ్దం ఆపేసి చూడండి. జనం అరుపులు, కోచ్ కేకలు మన అంచనాను మార్చేస్తాయి. తూలుడు కూడా మామూలు వేగంలోనే తెలుస్తుంది. స్లో మోషన్‌లో అందరి నడకా తడబడినట్టే ఉంటుంది. రెండోసారి కింద పడినప్పటి నుంచి నిలబడేదాకా చూడండి. మూడోసారి మాత్రమే ఫ్రేము ఫ్రేముగా: కంప్యూటర్‌లో వీఎల్‌సీ అనే వీడియో ప్లేయర్‌లో ‘ఇ’ (E) మీట నొక్కితే ఒక్కో ఫ్రేము ముందుకు కదులుతుంది, షిఫ్ట్‌తో ఎడమ బాణం నొక్కితే 3 సెకన్లు వెనక్కి వెళ్తుంది. సెకనుకు 30 ఫ్రేముల రికార్డింగ్‌లో రెండు ఫ్రేముల మధ్య దాదాపు 33 మిల్లీసెకన్లు గడుస్తాయి. తల తాకిడి అంతకంటే తక్కువ సమయంలో ముగిసిపోవచ్చు కాబట్టి తాకిన క్షణం మీ వీడియోలో ఉండకపోవచ్చు. వెలుతురు తక్కువైన ఇండోర్ హాల్లో కొన్ని ఫోన్లు ఫ్రేముల సంఖ్యను తగ్గించేస్తాయి. కాలాన్ని ఫ్రేములతో లెక్కించకండి, ప్లేయర్ గడియారంతో లెక్కించండి.

ఇంతకీ వెతకాల్సినవి ఏమిటి? రగ్బీ, అమెరికన్ ఫుట్‌బాల్, ఐస్ హాకీ, క్రికెట్ వంటి ఆటల నిపుణులు 2019లో ఆరు వీడియో సంకేతాలకు ఒకే నిర్వచనాలు ఖరారు చేశారు. 2 సెకన్లకు మించి కదలిక లేకుండా పడి ఉండడం. తూలడం, తడబడడం. మూర్ఛలా కొట్టుకోవడం. చేతులో కాళ్లో కట్టెల్లా బిగుసుకుపోవడం. పడేటప్పుడు చేతులు అడ్డం పెట్టకుండా గోనెసంచిలా కూలిపోవడం. చుట్టూ ఏం జరుగుతున్నా భావం లేని చూపు. అవి పెద్దల వృత్తిపోటీల కోసం రాసినవి. పిల్లల కబడ్డీకి వాడేటప్పుడు కొంత వివేచన కావాలి.

పడి ఉండడమే తీసుకోండి. నలుగురు తన మీద పడితే కింద ఉన్న రైడర్ కదలలేడు. పైనున్న చివరివాడు లేచాకే 2 సెకన్లు లెక్కపెట్టాలి. చెయ్యి మధ్యగీత వైపు చాస్తున్నా, ముఖం కప్పుకుంటున్నా అది కావాలని చేసిన కదలిక, ఈ సంకేతం కిందికి రాదు. అలాగే రెండు చేతులూ డిఫెండర్ల పట్టులో ఉంటే అడ్డం పెట్టలేదని రాయకూడదు. చేతులు ఖాళీగా ఉండీ ముఖం నేరుగా మ్యాట్‌కు తగిలితే అదే కూలిపోవడం.

చూపు సంగతి మరీ కష్టం, ఫోన్ వీడియోలో కళ్లు కనబడవు. దానికి బదులు ప్రవర్తన చూడండి: ఔటైనా కోర్టులోనే నిలబడిపోవడం, అవతలి జట్టు వైపు నడవడం, గొలుసు పట్టులో (డిఫెండర్లు చేతులు కలిపి నిలబడడం) పక్కవాడు చెయ్యి అందిస్తే అందుకోకపోవడం. ఇవి ఆ ఆరు సంకేతాల్లో లేవు గానీ, మా దృష్టిలో తప్పక రాసుకోవాల్సినవే.

ఇద్దరు విడివిడిగా చూసి, మాట్లాడుకోకుండా రాయాలి. రాసే తీరు ఇలా: ‘14:22, ఎడమ కార్నర్, రైడర్ మోకాలు కుడి కణతకు. 14:25, లేస్తూ రెండడుగులు పక్కకు తూలాడు.’ కంకషన్ అని రాయకండి, కనబడింది మాత్రమే రాయండి. ఇద్దరిలో ఒక్కరికి ఒక్క సంకేతం కనబడినా చాలు, ఆ రోజుకు ఆ పిల్లవాడి ఆట ముగిసినట్టే. ఫైనల్ అయినా సరే. బిగుసుకుపోవడం, మూర్ఛ, మెడ నొప్పి, వాంతులు, పెరుగుతున్న తలనొప్పి, మత్తు - వీటిలో ఏది ఉన్నా వీడియో పక్కన పెట్టి 108కి ఫోన్ చేయండి. మెడకు దెబ్బ తగిలిందనిపిస్తే, ఊపిరికి ఇబ్బంది లేనంతవరకు, కదపకండి.

ఇక ఈ పాఠంలో అన్నిటికన్నా ప్రమాదకరమైన తప్పు. వీడియోలో ఏమీ కనబడలేదు కదా అని మళ్లీ ఆడించడం. కంకషన్ వచ్చిన పిల్లల్లో చాలామందికి ఈ ఆరింటిలో ఒక్కటీ కనబడకపోవచ్చు. తలనొప్పి, కళ్లు తిరగడం, వెలుతురు భరించలేకపోవడం గంటల తర్వాత మొదలుకావచ్చు. వీడియో అనుమానాన్ని పుట్టించగలదు, తీర్చలేదు. తీర్చాల్సింది వైద్యుడే. వీడియో శుభ్రంగా ఉన్నా, తలకు తాకిడి తగిలిన ప్రతి పిల్లవాడినీ 48 గంటలు గమనించమని తల్లిదండ్రులకు చెప్పాలి.

అభ్యాసం: మీ దగ్గరున్న పాత మ్యాచ్ ఒకటి తీసుకుని, అందులో తలకు తాకిడి తగిలిన మూడు సందర్భాలు వెతకండి. ప్రతిదానికీ పైన చెప్పిన తీరులో రెండు వరుసలు రాయండి. మీతోపాటు చూసినవాళ్ల రాతతో ఎక్కడ తేడా వచ్చిందో గుర్తుపెట్టండి. వచ్చే పాఠం ఆ తేడాల మీదే.