గాలం లాగేంత నెమ్మదిగా బోటు నడవాలంటే: నా అనుభవం

యానాం దగ్గర గౌతమి పాయలో పండుగప్ప కోసం తిరిగేవాళ్లు చాలామంది, గాలం ఎరను వెనక లాగుతూ పోయేంత నెమ్మదిగా బోటు నడపడం ఎలా అని అడుగుతున్నారు. నా 15 హార్స్‌పవర్ ఫోర్ స్ట్రోక్ ఇంజన్, గేరులో వేసి యాక్సిలరేటర్ పూర్తిగా తగ్గించినా గంటకు 6 కిలోమీటర్ల కంటే తగ్గేది కాదు. ఎర నీటి పైకి తేలి గిరగిరా తిరిగిపోయేది.

ఐడిల్ స్క్రూ (యాక్సిలరేటర్ ఇవ్వనప్పుడు ఇంజన్ తిరిగే వేగాన్ని సరిచేసేది) తగ్గిస్తే ఇంజన్ ఆగిపోయింది. మాటిమాటికీ న్యూట్రల్ చేస్తే ఎర మునిగి మడ వేళ్లకు తగులుకుంది.

పనిచేసింది ప్రొపెల్లర్ మార్చడం. 10 అంగుళాల పిచ్ తీసి 7 వేశాను. పిచ్ అంటే ఒక చుట్టుకు ముందుకు తోసే దూరం, కాబట్టి అదే ఐడిల్‌లో వేగం తగ్గుతుంది. ముందు ఇంజన్ ఆపి, పొరపాటున స్టార్ట్ కాకుండా సేఫ్టీ తాడు తీశాను. నట్టు ఊడకుండా పట్టే స్ప్లిట్ పిన్, నట్టు, వాషర్లు ఏ వరసలో వచ్చాయో ఫోటో తీసుకున్నాను. షాఫ్టుకు పాత గాలం తీగ జుట్టులా చుట్టుకుని ఉంది! అది వదిలేస్తే గేరు ఆయిల్‌లోకి నీళ్లు రాకుండా ఆపే ఆయిల్ సీలు పోతుంది. తీగ లాగేసి, గ్రీజు రాసి, కొత్త ప్రొపెల్లర్‌కు కొత్త పిన్నే వేశాను.

పోటుకు ఎదురుగా ఒకసారి, పోటుతో పాటు ఒకసారి ఫోన్‌లో వేగం చూసి సగటు తీస్తే గంటకు 4 కిలోమీటర్ల పైచిలుకు వచ్చింది. చిల్లులు పెట్టిన బకెట్‌ను బోటు పక్కన నీటిలో ఈడ్చేలా కడితే 3కి దిగింది.

మీ పడవ బరువును బట్టి లెక్క మారవచ్చు. తక్కువ పిచ్‌తో ఫుల్ యాక్సిలరేటర్ ఇస్తే ఇంజన్ హద్దు దాటి తిరుగుతుంది, అందుకే ఇంటికొచ్చేటప్పుడు నేను ముప్పాతిక దాటించను.